కంపారటివ్ లిటరేచర్‌లో (తులనాత్మక సాహిత్యం) పీహెచ్‌డీ చేస్తే జెండర్ స్టడీస్‌లో ప్రొఫెసర్ అవ్వొచ్చా?

అవ్వొచ్చు, డిగ్రీ మీద జెండర్ స్టడీస్ అని ఉండాల్సిన పనిలేదు. ఎందుకంటే జెండర్ స్టడీస్ అంటే సాహిత్యం, చరిత్ర, సోషియాలజీ అన్నీ కలిసిన ఫీల్డ్, మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి యూజీసీ రూల్ కూడా సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో 55 శాతంతో పీజీ, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ అనే అడుగుతుంది, అందుకే అసలు చూసేది మీ థీసిస్ టాపిక్, పబ్లికేషన్లు. కానీ ఏది అనుబంధం అనేది నోటిఫికేషన్‌ని బట్టి మారుతుంది, అప్లై చేసేముందు అది తప్పకుండా చదవండి. సాహిత్య విమర్శకురాలు గాయత్రి చక్రవర్తి స్పివాక్‌నే చూడండి, 1967లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో కంపారటివ్ లిటరేచర్ పీహెచ్‌డీ, అదీ ఐరిష్ కవి యేట్స్ కవిత్వం మీద, తర్వాత కొలంబియాలో ప్రొఫెసర్, ఈరోజు ఫెమినిస్ట్ థియరీ క్లాసుల్లో ఆమెని చదవకుండా కుదరదు. ఇక చాలామంది ఈ పోస్టులు ఆడవాళ్లకే అనుకుంటారు, అది తప్పు, మగవాళ్లు కూడా ఈ సబ్జెక్టు చెప్తున్నారు, రీసెర్చ్ చేస్తున్నారు.