నెలకు 500 రూపాయల పాకెట్ మనీతో ఎవరికైనా ఏం సాయం చేయగలం?

ఇంటర్ చదువుతున్నానని, నెలకు 500 పాకెట్ మనీ వస్తుందని, దానం చేయాలన్నా నలుగురికి మేలు జరిగేలా ఏదైనా కొనాలన్నా ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఆ ఐదొందల కన్నా పండక్కీ పెళ్లిళ్లకీ మీ ఇంట్లో బట్టలకు అయ్యే ఖర్చు చాలా పెద్దది. నా లెక్కలో మీరు చేయగల అసలు సాయం అక్కడే ఉంది. అయినా ముందు దానం సంగతి చెప్తాను.

పాత బట్టలు ఇవ్వాలంటే ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి ఇవ్వండి. కాస్త తడి ఉన్నా వానాకాలంలో మూటలోనే బూజు పట్టి, ఒక్క చొక్కా వల్ల మూటంతా పాడవుతుంది. జిప్పు పనిచేస్తోందా, గుండీలు ఉన్నాయా చూడండి. చీరకు జాకెట్టు, లంగా జతచేసి కట్టండి. వాడిన లోదుస్తులు మాత్రం వద్దు. ఒక సంచిలో ఒకే రకం పెట్టి, పైన మార్కర్‌తో ‘8-10 ఏళ్ల అమ్మాయి, గౌన్లు 15’ అని రాయండి. సంచి 10 కిలోలు దాటితే మోసేవాళ్లకు కష్టం. ఏమీ రాయని మూటల్ని విప్పి ఏరే తీరిక బట్టలు పంచేవాళ్లలో ఎవరికీ ఉండదు, చివరికి అవి ఓ మూల పడి ఉంటాయి. చినిగినా శుభ్రంగా ఉన్న నూలు బట్ట మాత్రం పారేయకండి. గూంజ్ లాంటి సంస్థలు దాంతో నెలసరి ప్యాడ్లు తయారుచేస్తాయి.

వరదలప్పుడు ఏ రోజుకు ఏం కావాలో కనుక్కోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ముందు కావలసినవి తాగునీళ్లు, పాలు, భోజనం. నీళ్లు తీశాక ఇంటినిండా బురదే. అప్పుడు చీపుర్లు, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, పొడి దుప్పట్లు కావాలి. పుట్టినరోజుకు అనాథాశ్రమానికి కేకు పట్టుకెళ్లే ముందు కూడా వార్డెన్‌కు ఫోన్ చేయండి. చాలాసార్లు వాళ్లడిగేవి సబ్బులు, కొబ్బరినూనె, శానిటరీ ప్యాడ్లు, లాంగ్ నోట్‌బుక్కులు. ఇచ్చాక ఆ పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీయకండి. తిండిపొట్లం పట్టుకుని తలదించుకున్న పిల్లాడి ముఖాన్ని స్టేటస్‌లో పెట్టుకునే అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక బట్టల దుకాణం. ‘పోచంపల్లి’ పేరుతో అమ్ముతున్నవాటిలో అచ్చేసిన పాలిస్టరు బోలెడంత ఉంది. అది కొనబోయే అమ్మను, పిన్నిని ఆపి తేడా చూపించగలిగితే ఒక నేత ఇంటికి పని దొరికినట్టే. చీరను తిరగేయండి. వెనక రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంటే అది ప్రింటు. అసలు పోచంపల్లి నేత ఇక్కత్. అందులో నేయకముందే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట పోగుల్ని బిగించి కట్టి, రంగులద్దుతారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. డిజైను అంచులు గీత గీసినట్టు కాకుండా కాస్త చెదిరినట్టుంటాయి, దాన్ని లోపమనుకోవద్దు. కొంగు చివరి పోగొకటి అడిగి తీసుకుని బయట కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద మెత్తగా రాలుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

మరమగ్గం బట్టను పట్టుకోవడం ఇంకొంచెం కష్టం. రంగులద్దిన నూలు మరమగ్గం మీద కూడా నేయొచ్చు కనుక తిరగేసి చూస్తే సరిపోదు. అంచు దగ్గర చూడండి. బట్ట ముడుచుకోకుండా నేతగాడు కొసల్లో సూదులున్న ఒక కర్రను అడ్డంగా బిగించి, నేసినకొద్దీ ముందుకు జరుపుతాడు. దాని సూదుల గుర్తులు విడివిడిగా, ఎడం ఎడంగా కనిపిస్తాయి. మరమగ్గం గుర్తులు ఎడతెగకుండా ఒకే వరుసలో ఉంటాయి. ఇదొక్కటే నమ్మకుండా చేనేత బట్టకు ప్రభుత్వం తరఫున ఇచ్చే చేనేత మార్కు (హ్యాండ్‌లూమ్ మార్క్) లేబుల్ కూడా అడగండి. 1985 నాటి చట్టం చీర, ధోవతి, తువ్వాలు లాంటి 11 రకాలను, నిర్ణయించిన లక్షణాలతో, చేనేతకే కేటాయించింది. దుకాణదారుకు ఆ ముక్క చెప్పినా తప్పులేదు.

ధర ఎక్కువనిపిస్తే ఆసు పోయడం ఏమిటో తెలుసుకోండి. చిటికి కట్టే ముందు అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9000 సార్లు అటూ ఇటూ కదలాలి, నాలుగైదు గంటల పని. ఇంట్లో ఆడవాళ్లే చేసేవాళ్లు, భుజాలు పడిపోయేవి. తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చినా చిటికి కట్టడం, అద్దడం, నేయడం చేతి పనే. ఆ చీర దగ్గర ‘ఫైనల్‌గా ఎంతకిస్తారు’ అని బేరం మొదలుపెట్టేవాళ్లంటే నాకు గౌరవం లేదు.

మీ ఐదొందలకు చీర రాదు, నిజమే. చేనేత తువ్వాలు, దిండు గలీబులు వస్తాయి. స్నేహితులకు కానుకైతే అంకుడు కర్రతో చేసి లక్క రంగులు పూసిన ఏటికొప్పాక బొమ్మలో చిన్నవి దొరుకుతాయి. చేనేత బట్టలకు ఆప్కో, బొమ్మలకు లేపాక్షి, గోల్కొండ హస్తకళల షాపుల్లో చూడండి.

ఇంట్లో పెళ్లి ఉంటే రిటర్న్ గిఫ్టులకు ప్లాస్టిక్ డబ్బాలు కొనే ముందే చేనేత తువ్వాళ్ల మాట ఎత్తండి. వంద తువ్వాళ్లు కావాలంటే రెండు మూడు నెలల ముందే సహకార సంఘంలోనో నేరుగా నేత ఇంటిలోనో చెప్పాలి. రంగు, కొలత, తేదీ కాగితం మీద రాసి సగం అడ్వాన్సు ఇవ్వండి, నూలు కొనడానికి అదే పెట్టుబడి. ముందు ఒక్క ముక్క నేయించుకుని, ఉతికి రంగు పోతోందేమో చూశాకే మిగతావి నేయమనండి. మిగిలిన డబ్బు సరుకు అందిన రోజే ఇప్పించండి. ‘పెళ్లయ్యాక చూద్దాం’ అంటే ఆ నెల నూలు అప్పుకు వడ్డీ కట్టేది వాళ్లే.