స్కూలు రేటింగ్ చూసి ఇల్లు కొనే ముందు

అమ్మడూ,

పెద్దమ్మ దీవెనలు. బాబు వచ్చే ఏడు థర్డ్ గ్రేడ్‌కి వస్తున్నాడనీ, ఈలోపే మంచి స్కూలున్న చోట ఇల్లు కొనాలనుకుంటున్నారనీ రాశావు. పదికి తొమ్మిది రేటింగ్ ఉన్న స్కూలు తప్ప వద్దని అల్లుడుగారు పట్టుబట్టారని కూడా రాశావు. ఆయన ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ అమెరికాలో ఎలిమెంటరీ పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ఒక్క అంకె మీద అంత అప్పు తలకెత్తుకోకండి.

ఆ రేటింగ్ ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు చూడు. ఎక్కువగా పిల్లలు ఏటా రాసే రాష్ట్ర పరీక్షల నుంచే. 2002లో వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం, థర్డ్ నుంచి ఎయిత్ గ్రేడ్ దాకా ఏటా రీడింగ్‌లోనూ మ్యాథ్‌లోనూ పరీక్ష పెట్టి తీరాలంది. 2015లో దాని స్థానంలో వేరే చట్టం వచ్చినా పరీక్షలు అలాగే ఉన్నాయి. అంటే ఫిఫ్త్ దాకా ఉన్న స్కూల్లో పరీక్ష రాసేది పై మూడు తరగతుల వాళ్లే. పిల్లలకు చదవడం వచ్చేలా చేసేది మాత్రం కిండర్‌గార్టెన్, ఫస్ట్, సెకండ్ గ్రేడ్ టీచర్లు. వాళ్ల కష్టం ఆ లెక్కలో విడిగా ఎక్కడా కనపడదు.

ఇక ‘ప్రొఫిషియంట్’, అంటే పరీక్షలో ఆ గ్రేడుకి పెట్టిన గీత దాటినవాళ్లు, ఇంత శాతం అంటారు చూడు, ఆ గీత ఎక్కడ గీయాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకుంటుంది. అందుకే మీరు వదిలి వస్తున్న రాష్ట్రం శాతాన్ని ఇక్కడి శాతంతో పోల్చడం దండగ. గీతకు ఒక్క మార్కు కింద ఆగిన పిల్లా, ఎంతో కింద ఉన్న పిల్లా ఆ శాతంలో ఒకటే. పైగా గ్రేడుకి అరవై మంది ఉన్న స్కూల్లో ఆరుగురు గీత దాటితే పది శాతం పెరిగినట్టు లెక్క. ఒక్క ఏడాది అంకె చూసి మురిసిపోవద్దు, బెంగపడొద్దు. మూడు నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టుకుని చూడు.

నేనైతే అన్నిటికంటే ముందు గ్రోత్ చూస్తాను, అంటే పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకొచ్చారన్నది. చదువుకున్న తల్లిదండ్రులు, ఇంటినిండా పుస్తకాలు, ట్యూషన్లు ఉన్న పిల్లలు స్కూల్లో అడుగుపెట్టేటప్పటికే ముందుంటారు. వాళ్లు ఎక్కువున్న చోట శాతం దానంతటదే పెరుగుతుంది, అందులో స్కూలు గొప్ప ఎంతో చెప్పలేం. వెనక మొదలుపెట్టిన పిల్లల్ని ఏడాదిలో ఎంత ముందుకు తెచ్చారన్నది టీచర్ల పనితనం చెబుతుంది. ఆరు రేటింగ్ స్కూళ్లలో బంగారంలాంటి టీచర్లను చూశాను. ఇంటి ధరలు మాత్రం శాతం వెంటే పరిగెడతాయి, అదే నాకు బాధ.

బాబు సంగతికొస్తే, లెక్కల పరీక్ష సగం చదివే పరీక్షే. 1983లో దేశవ్యాప్త పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు: ఒక్కో బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1128 మందికి ఎన్ని బస్సులు కావాలి? భాగహారం ఎక్కువమంది సరిగ్గానే చేశారు. కానీ దాదాపు ముగ్గురిలో ఒకరు ‘31, శేషం 12’ అని రాసి ఊరుకున్నారు. మిగిలిన ఆ పన్నెండు మందినీ ఎలా తీసుకెళ్లాలని ఆలోచిస్తే 32 అని తేలేది. వర్క్‌షీట్లు ఎన్ని చేయించినా ఇది రాదు. లెక్క చేశాక ‘ఈ జవాబు కుదురుతుందా, ఎందుకు?’ అని వాడి చేతే చెప్పించు. తప్పు చెబితే వెంటనే దిద్దకు, కాసేపు చెప్పనివ్వు.

రీడింగ్ అయినా అంతే. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు పిల్లల చేత బేస్‌బాల్ ఆట గురించి ఒక కథనం చదివించారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదివినా ఆట తెలియని వాళ్లకంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. కాబట్టి ‘మెయిన్ ఐడియా కనుక్కో’ అనే ప్రాక్టీసు పుస్తకాలు కొండలా కొనకు. తిమింగలాలో, రైళ్లో, అగ్నిపర్వతాలో, వాడికి నచ్చినదాని మీద లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి కలిసి చదవండి, తెలుగులో కబుర్లు చెప్పుకోండి. స్కోరు కోసమని ఇంట్లో తెలుగు మాత్రం మాన్పించకండి. తెలుగులో తెలుసుకున్నది ఇంగ్లీషులో చదివేటప్పుడూ అక్కరకొస్తుంది.

స్కూల్ టూర్‌కి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్‌ని స్కోర్ల గురించి అడక్కు, అవి ఎలాగూ నీకు తెలుసు. ‘ఫస్ట్ గ్రేడ్‌లో చదవలేకపోతున్న పిల్లల్ని ఏ నెలకల్లా గుర్తిస్తారు? ఆ తర్వాత వారానికి ఎన్నిసార్లు, ఎవరు కూర్చోబెట్టి నేర్పిస్తారు?’ అని అడుగు. తడుముకోకుండా నెలలూ మనుషులూ చెప్పగలిగితే ఆ స్కూలు ఆరైనా నాకు నచ్చినట్టే. మాటలు దాటవేస్తే తొమ్మిదైనా ఇంకోసారి ఆలోచించండి.

గ్రోత్ అంకెలు రాష్ట్ర విద్యాశాఖ పెట్టే స్కూల్ రిపోర్ట్ కార్డుల్లో వెతుకు, ఇళ్లమ్మే వాళ్ల సైట్లలో కాదు. రెండు స్కూళ్లవీ నాకు పంపు. అడ్వాన్సు కట్టే ముందే అల్లుడుగారిని కూడా కూర్చోబెట్టి ఫోన్‌లో మాట్లాడుకుందాం.

పెద్దమ్మ