పాఠకుల ప్రశ్నలు: తాతగారి తుపాకీకి నల్ల ప్లాస్టిక్ ఎందుకు?

(లైసెన్సు తుపాకుల సంరక్షణ, గురి పోటీల గురించి పాఠకుల సందేహాలకు, హైదరాబాదులో తండ్రి కాలం నుంచి తుపాకుల మరమ్మతు వృత్తిలో ఉన్న నిపుణుడి జవాబులు.)

ప్రశ్న: మా తాతగారి పన్నెండు బోర్ జోడు గొట్టాల తుపాకీ ఈ మధ్యే చట్టప్రకారం నా పేరిట మారింది. బర్మింగ్‌హామ్‌లో తయారైనది. భుజానికి ఆనించే కర్ర మడమ తీసేసి, పిస్టల్ పిడి ఉన్న నల్ల ప్లాస్టిక్ మడమ వేయించాలని, పైన రెయిల్ (సామాను తగిలించే పళ్ళపట్టీ) బిగించి రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం), కింద టార్చిలైటు పెట్టించాలని ఉంది. నగరంలో ఈ పని ఎవరు బాగా చేస్తారు?
— ఐటీ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: ఎవరిచేతా చేయించవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. ముందు ఒక పని చేయండి. తుపాకీలో తూటాలు లేవని చూసుకుని, కిటికీ పక్కన బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి దాన్ని పడుకోబెట్టండి. కర్ర, ఇనుము కలిసే చోట గోటితో మెల్లగా తడమండి. మంచి పనివాడి చేతిలో తయారైనదైతే గోరు ఎక్కడా ఆగదు. ఆ అతుకు ఊరికే రాలేదు. పనివాడు ఇనుముకు దీపపు మసి పూసి కర్రలో కూర్చుతాడు. బయటికి తీసి, మసి అంటిన చోట మాత్రమే ఉలితో పలుచగా గీకుతాడు. మళ్ళీ మసి, మళ్ళీ కూర్పు. ఇనుము ఆనవలసిన ప్రతిచోటా మసి సమంగా అంటేదాకా అదే పని. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను కర్ర అంతటా పంచేది ఆ అతుకే. అక్కడ సందు మిగిలితే దెబ్బంతా ఒకే మూల మీద పడి, కొన్నాళ్ళకు మడమ చీలుతుంది. ఏ తుపాకీకైనా పట్టేలా అచ్చు పోసిన ప్లాస్టిక్ మడమ మీ తుపాకీకి అలా ఎన్నటికీ కూర్చోదు.

రెయిల్ సంగతి ఇంకా చెడ్డది. జోడు గొట్టాల మధ్య పైన కనిపించే పట్టీని సాధారణంగా సీసం, తగరం కలిపిన టంకంతో అతికిస్తారు. దాని మీద వెల్డింగు వేడి తగిలితే టంకం కరిగి పట్టీ లేస్తుంది. తడి లోపలికి దిగి, కంటికి కనిపించని చోట తుప్పు మొదలవుతుంది. రంధ్రాలు వేసి మరలు బిగిద్దామంటే, పాత గొట్టాల గోడ ఎక్కడ ఎంత మందం ఉందో కొలవకుండా డ్రిల్లు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంతా చేసి ఆ రెడ్ డాట్‌తో మీకు ఒరిగేదేమిటి? పన్నెండు బోర్ అంటే, ఆ గొట్టం కొలతకు సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయని లెక్క. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్ల గొట్టం. అందులోంచి వెళ్ళేది చిన్న చిన్న గుళ్ళ గుంపు. ఫుల్ చోక్ గొట్టమైతే, అంటే మూతి దగ్గర బాగా ఇరుకు చేసినదైతే, 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో దాదాపు 70 శాతం గుళ్ళు పడాలన్నది మా వృత్తిలో పాత కొలత. అంత వెడల్పున పరుచుకునే గుళ్ళకు ఎర్ర చుక్క పెట్టి గురి చూసేదేముంది? గొట్టం కొసన ఉన్న చిన్న ఇత్తడి పూస చాలు. మడమ చెంపకు సరిగ్గా ఆనితే, కన్ను ఎటు చూస్తే గొట్టం అటే తిరుగుతుంది. మంచి జోడు తుపాకీ బరువు గొట్టాలు మడిచే కీలు దగ్గర కుదురుగా ఉంటుంది కాబట్టే చేతిలో అంత తేలిగ్గా కదులుతుంది. ముందువైపు టార్చి, రెయిల్ తగిలిస్తే ఆ కుదురు పోతుంది.

మీ తుపాకీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుణం ఇంకొకటి ఉంది. పై మీటను బొటనవేలితో కుడివైపుకి తోయండి. గొట్టాలు కిందికి వంగుతాయి. రెండు రంధ్రాల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తే తుపాకీ ఖాళీ. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ, తుపాకీ పట్టడం తెలియని మీ అమ్మగారికి సైతం, అది ఖాళీ అని తెలిసిపోతుంది. మ్యాగజైను (తూటాల పెట్టె) ఉన్న తుపాకీలో ఆ భరోసా ఉండదు. మ్యాగజైను ఊడదీసినా గొట్టం వెనుక తూటా కూర్చునే అరలో ఒకటి మిగిలి ఉండవచ్చు. ‘ఖాళీదే’ అనుకున్న తుపాకులు పేలడానికి ఒక పెద్ద కారణం ఇది.

చట్టం మాట కూడా వినండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకు సైతం లైసెన్సు కావాలి. గొట్టం పొట్టి చేయడానికి విడిగా అనుమతి కావాలి. ఆన్‌లైనులో సామాను తెప్పించి, తెలిసిన లేతు షాపులో బిగించుకుందామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. ఆ డబ్బుతో గొట్టాల లోపలి గోడ కొలిపించండి, స్ప్రింగులు చూపించండి, మడమ కర్రకు అవిసె నూనె పట్టించండి. మీ పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకునే రోజుకు పనిలో ఉండాలంటే దానికి కావలసింది ఇదే.

ప్రశ్న: సైలెన్సర్ మన దగ్గర కొనుక్కోవచ్చా?
— ఒక పాఠకుడు, ఎల్.బి. నగర్

జవాబు: కుదరదు. తుపాకీ చప్పుడు తగ్గించే పరికరాలు పౌరులకు నిషిద్ధం. ఎవరైనా అమ్ముతామంటే వాళ్ళకు దూరంగా ఉండండి.

ప్రశ్న: మీరు ప్రతి నెలా పాత కర్ర తుపాకులనే మెచ్చుకుంటున్నారు. ప్రపంచంలోని సైన్యాలన్నీ రెయిళ్ళు, ఆప్టిక్సు (గురి చూసే అద్దాలు) వాడుతున్నాయి కదా. వాళ్ళకు తెలియనిది మీకు తెలుసా?
— మాజీ ఎన్‌సీసీ క్యాడెట్, సికింద్రాబాద్

జవాబు: సైనికుడి సామానును నేను ఎన్నడూ తక్కువ చేయలేదు, చేయను. ఒకే తుపాకీకి పగలొక సైటు (గురి చూసే పరికరం), రాత్రి మరొకటి మార్చుకోవలసిన అవసరం అతనికి ఉంది. ఒకరి సామాను మరొకరి తుపాకీకి పట్టాలి. అందుకే అమెరికా సైన్యం 1995లో ఒక కొలత ఖాయం చేసింది. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధాగారం పేరుతో ఆ పళ్ళపట్టీని పికటిన్నీ రెయిల్ అంటున్నాం. అది అక్కరలోంచి పుట్టిన వస్తువు కాబట్టి దాన్ని గౌరవిస్తాను. ఏడాదికి నాలుగుసార్లు రేంజికి వెళ్ళేవారికి ఆ అక్కర ఎక్కడుంది?

నిజంగా గురి మీదే బతుకు పెట్టుకున్న పౌరులు ఏం వాడతారో చూడండి. గాలిలోకి ఎగరేసిన మట్టి పళ్ళాలను పేల్చే ఒలింపిక్ ట్రాప్ పోటీలో పళ్ళెం ఎటు ఎగురుతుందో ముందుగా తెలియదు. ప్రతి పళ్ళానికీ మహా అయితే రెండు తూటాలే. అక్కడ ప్రపంచస్థాయి షూటర్ల చేతిలో కనిపించేది పైనొకటి, కిందొకటి గొట్టాలున్న మడిచే తుపాకే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాఠోడ్ డబుల్ ట్రాప్‌లో (ఒకేసారి రెండు పళ్ళాలు ఎగరేసే పోటీలో) రజతం సాధించినదీ అలాంటి జోడు గొట్టాలతోనే. ఆ మడిచే పద్ధతి మీ తాతల నాటిదే. బర్మింగ్‌హామ్‌లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పేటెంటు తీసుకున్న బాక్స్‌లాక్‌ను (మడిచే తుపాకీని పేల్చే యంత్రాంగాన్ని) విప్పి చూస్తే, ఒక్కో వైపు కదిలే భాగాలు ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టవచ్చు. నూటయాభై ఏళ్ళు గడిచినా అందులోంచి తీసేయవలసింది నాకు ఒక్కటీ కనబడలేదు.

ప్రశ్న: శామీర్‌పేట దగ్గర మాకు తోట, ఇల్లు ఉన్నాయి. ఆత్మరక్షణకు లైసెన్సు వచ్చింది. పంప్ యాక్షన్ (ముందు పిడిని లాగి తూటా ఎక్కించే) తుపాకీకి శక్తిమంతమైన టార్చి బిగించి ఇస్తామని ఒకరు చెబుతున్నారు. మీ సలహా?
— ఒక గృహస్థు

జవాబు: మీ ఇంటి చుట్టూ వెలుతురు ఉందా? గేటుకు గట్టి తాళం ఉందా? మంచి కుక్క ఉందా? ఈ మూడూ తుపాకీకి ముందు కావాలి.

ఇక టార్చి. గొట్టానికి బిగించిన టార్చితో దేన్ని చూడాలన్నా తుపాకీని దాని మీదికే తిప్పాలి. అర్ధరాత్రి వరండాలో చప్పుడైతే ఆ వచ్చింది మీ వాచ్‌మన్ కావచ్చు, బాత్రూముకు లేచిన మీ అబ్బాయి కావచ్చు. ముఖం గుర్తుపట్టే లోపే వాళ్ళ గుండెకు గురిపెట్టి నిలబడి ఉంటారు మీరు. పోలీసులకు, సైనికులకు దీనికోసం ఏళ్ళ తరబడి శిక్షణ ఉంటుంది, మనకు లేదు. టార్చి ఎడమచేతిలో ఉండనివ్వండి, గోడకు పెద్ద స్విచ్చు పెట్టించండి. తుపాకీ మాత్రం మామూలు జోడు గొట్టాలది తీసుకోండి. మన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీవి దొరుకుతాయి. నునుపు తక్కువే కానీ గట్టివి, బాగుచేయడం సులభం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి దగ్గర సాధారణంగా రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఉన్న ఆ చోటును ఆర్భాటానికి ఖర్చు చేయకండి. తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉంచండి.

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి షూటింగ్ మీద ఆసక్తి. పుట్టినరోజుకు ఎయిర్ రైఫిల్ కొనిద్దామనుకుంటున్నాం. ఆన్‌లైనులో సైన్యం వాడే తుపాకీలా కనిపించే నల్లటిది, టెలిస్కోపుతో సహా చవకగా వస్తోంది. తీసుకోవచ్చా?
— ఒక తల్లి, తార్నాక

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఆసక్తికి చాలా సంతోషం. కానీ ఆ తుపాకీ వద్దు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పెద్దదిగా చూపించే టెలిస్కోపులకు అనుమతి లేదు. వెనుక సన్నటి రంధ్రం, ముందు చిన్న వలయం, అంతే. లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఆ చుక్కను మన గగన్ నారంగ్ అలాంటి రంధ్రంలోంచే చూస్తూ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చారు. పిస్టల్ పోటీల్లో ఆ రంధ్రం కూడా ఉండదు, తెరిచిన సైట్లే. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది అటువంటి సైట్లతోనే. టెలిస్కోపుతో మొదలుపెట్టిన పిల్లలకు ఊపిరి బిగపట్టడం, ట్రిగ్గరు మీటను కుదుపు లేకుండా నొక్కడం ఆలస్యంగా వస్తాయి. అద్దం లక్ష్యాన్ని దగ్గరగా చూపిస్తుంది కానీ చేతి వణుకును ఆపదు.

ఇంకో భయం కూడా ఉంది. సైన్యపు తుపాకీలా కనిపించే వస్తువు పట్టుకుని పిల్ల డాబా మీద నిలబడితే, పక్కింటివాళ్ళకూ పోలీసులకూ అది నిజమైనదో కాదో దూరం నుంచి తెలియదు. 4.5 మిల్లీమీటర్ల లోపు, 20 జౌళ్ళ శక్తి లోపు ఎయిర్ రైఫిళ్ళకు లైసెన్సు అక్కరలేదన్న మాట నిజమే. అయినా అది ఆటబొమ్మ కాదు, కన్ను పోగలదు. గచ్చిబౌలి వైపు రేంజి ఉంది. ముందు శిక్షకుల దగ్గర చేర్చండి. కొంతకాలం అక్కడి రైఫిల్‌తోనే సాధన చేయనివ్వండి. ఏది కొనాలో తర్వాత మీ అమ్మాయే చెబుతుంది.

ప్రశ్న: సాదా తుపాకీ అంటారు సరే. మన నవాబుల తుపాకులు బంగారు పూతలతో, నగిషీలతో ఉండేవి కదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, మలక్‌పేట

జవాబు: మాస్టారూ, మంచి ప్రశ్న అడిగారు. మీరున్న మలక్‌పేట పక్కనే మూసారాంబాగ్ ఉంది. ఆ పేరుకు మూలమైన ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కొలువులో ఉండగా, 1786లో గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోత పోసే కార్ఖానా పెట్టించాడు. తోప్ కా సాంచా అంటే అదే. పోత పోసిన గొట్టం, దాన్ని మోసే బండి, అంతకుమించి అక్కడ సింగారం ఏముంది? నవాబుల దగ్గర నగిషీ తుపాకులు ఉన్నమాట నిజమే. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్తే పనివాడి చేతినేర్పు ముందు నేను చాలాసేపు నిలబడిపోతాను. ఆ పూలు, తీగలు ఇనుములో చెక్కినవి. వాటివల్ల తుపాకీ బరువు మారదు, పట్టు మారదు, ట్రిగ్గరు ఉన్నచోటే ఉంటుంది. తగిలించే సామాను అలా కాదు. అది తుపాకీ నడకనే మారుస్తుంది. అందుకే ఒకటి నాకు ముద్దు, రెండోది వద్దు.

ప్రశ్న: ఎన్నికలప్పుడు జమ చేసిన మా తుపాకీ తిరిగి వచ్చింది. గొట్టం మీద ఎర్రటి తుప్పు చుక్కలు కనిపిస్తున్నాయి. ఇసుక కాగితంతో రుద్దవచ్చా?
— ఒక పాఠకుడు, మేడ్చల్

జవాబు: ఇసుక కాగితం ముట్టకండి. నీలి పూత మొత్తం పోతుంది. తుపాకీ నూనె ధారాళంగా రాసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు మెత్తటి గుడ్డతో, అవసరమైతే నూనెలో తడిపిన అతి సన్నని ఉక్కు పీచుతో, చుక్క మీద మాత్రమే మెల్లగా తిప్పండి. అప్పటికీ పోకపోతే, గొట్టం లోపల గుంటలు కనిపిస్తే, లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించకుండా పేల్చవద్దు. ఈసారి జమ చేసే ముందు గొట్టం లోపలా బయటా పలుచగా నూనె పట్టించి ఇవ్వండి. వానాకాలంలో తోలు సంచిలో పెట్టి ఉంచకండి, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. బీరువాలో నిలబెట్టేటప్పుడు మాత్రం గొట్టం మూతి కిందికి, మడమ పైకి ఉంచండి. కింద ఒక గుడ్డముక్క వేస్తే మిగిలిన నూనె దానిలోకి దిగుతుంది. మూతి పైకి పెడితే ఆ నూనె మడమ కర్రలోకి ఇంకి, అతుకు దగ్గర కర్ర మెత్తబడిపోతుంది.