మీ నాన్నకి ఫోన్‌లో డబ్బులు కట్టడం నేర్పాలంటే

చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఎన్నిసార్లు చెప్పినా నాన్న యూపీఐ జోలికి రావట్లేదనీ, కరెంటు బిల్లుకి కూడా క్యూలో నిలబడుతున్నాడనీ విసుక్కున్నావు. వాడు నా తమ్ముడు, వాడి మొండితనం నాకు కొత్త కాదు. కానీ ఇది మొండితనం కాదురా.

బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చిన కాలమంతా నేను కౌంటర్ లోపలే ఉన్నాను. 1983లో కంప్యూటర్లు పెట్టడం మీద యూనియన్లకీ యాజమాన్యాలకీ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది ఆ పని ఎలా చెయ్యాలో చెబుతూ రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. ఆ తర్వాత లెడ్జర్లలో, అంటే ఖాతా పుస్తకాల్లో, చేత్తో రాసే లెక్కల్ని ఎక్కించే లెడ్జర్ పోస్టింగ్ మెషిన్లు వచ్చాయి. ఏ బ్రాంచిలోనైనా మన ఖాతా నడిపించుకోనిచ్చే కోర్ బ్యాంకింగ్ అన్ని బ్రాంచీలకీ చేరేసరికి ఇంకో ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. మేమేమీ ఎగిరి గంతేసి నేర్చుకోలేదు, ఉద్యోగాలు పోతాయని జెండాలు పట్టుకున్నవాళ్ళమే. మాకు టైము దొరికింది, అంతే. యూపీఐ మొదలైంది 2016 ఏప్రిల్‌లో. అదే నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. చూస్తుండగానే కొబ్బరిబోండాల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ వెలిసింది. మీ నాన్నకి ఎంత టైము ఇచ్చారు చెప్పు?

పైగా అప్పట్లో లెక్క తేడా వస్తే అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. కౌంటర్ దగ్గర అరవొచ్చు, మేనేజర్ గదిలో కూర్చుని తేల్చుకోవచ్చు. ఫోన్‌లో తప్పు నొక్కితే ఎవరి మీద అరవాలి? వాడి టెన్షన్ అదీ. అందుకే బటన్లతో మొదలుపెట్టకు.

మెషిన్లు వచ్చిన రోజే మేం లెడ్జర్లు అటకెక్కించలేదు. కొన్నాళ్ళు రెండూ పక్కపక్కనే నడిచాయి. సాయంత్రం చేత్తో రాసిన బ్యాలెన్సూ మెషిన్ చూపించిన బ్యాలెన్సూ టాలీ చేసేవాళ్ళం. నెలల తరబడి టాలీ అయ్యాకే పుస్తకం మూశాం. మీ నాన్నకీ అలాగే చెయ్యి. ఫోన్‌లో కట్టిన ప్రతి పైసా నోట్‌బుక్‌లో రాసుకోమను. వీలైనప్పుడల్లా బ్యాంకుకెళ్ళి పాస్‌బుక్‌లో ప్రింట్ వేయించుకోనీ. "యాప్‌లోనే కనిపిస్తుంది కదా నాన్నా" అని నవ్వావంటే పని చెడినట్టే. రెండు లెక్కలూ సరిపోయాయని వాడి కళ్ళతో వాడు చూసుకోవాలి. నువ్వు చెబితే చాలదు.

పెన్షన్ పడే ఖాతాని యాప్‌కి తగిలించకు. విడిగా ఓ సేవింగ్స్ ఖాతా తెరిపించి రెండు మూడు వేలు వెయ్యి, మినిమమ్ బ్యాలెన్స్ ఎంతో ముందే కనుక్కో. పోతే అంతే పోతుందని తెలిస్తే చెయ్యి వణకదు. పిన్ వాడే పెట్టుకోవాలి, నీక్కూడా చెప్పకూడదు. మొదట నీకే ఒక రూపాయి పంపమను. తర్వాత రోజూ పాలప్యాకెట్ కొనే కొట్లో కట్టమను, అక్కడైతే తెలిసిన మొహం ఉంటుంది. "ఇటివ్వు, నేను చేసేస్తా" అని ఫోన్ లాక్కోకు. మీ తరానికి ఇదో జబ్బు.

డబ్బు కట్ అయ్యి అవతల చేరకపోతే వాడు కంగారుపడతాడు. దానికి రిజర్వ్ బ్యాంకు 2019లోనే గడువు పెట్టిందని ముందే చెప్పు. మనిషికి పంపినదైతే మర్నాటికల్లా, కొట్లో కట్టినదైతే ఐదు రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. బ్యాంకువాళ్ళని నిలదీయడానికి ఒక రూలు ఉందని తెలిస్తే మీ నాన్నకి సగం ధైర్యం వస్తుంది, వాడి సంగతి నాకు తెలుసు.

మోసాల గురించి గంటసేపు భయపెట్టకు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోలీసులు వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యరు. ఈ రెండూ చాలు. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబర్ పెద్ద అక్షరాలతో క్యాలెండర్ పక్కన అతికించు. ఏదైనా జరిగితే తిట్టనని ఇప్పుడే మాటివ్వు. కొడుకు తిడతాడని దాచిపెట్టి, రెండ్రోజులు ఆలస్యంగా ఫిర్యాదు చేసే పెద్దవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. ఆ నంబర్‌కి ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

రైతుబజారుకి నోట్లే పట్టుకెళ్తానంటే వెళ్ళనీ, అది మార్చక్కర్లేదు. మీ అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఇంటి లెక్కలు రాసేది ఆవిడే కాబట్టి ముందు తనే నేర్చుకుని, నువ్వు లేనప్పుడు మీ నాన్నకి నేర్పేస్తుంది.

మీ పెదనాన్న