ఎంఆర్‌ఐ గదిలో భయపడాల్సింది రేడియేషన్‌కు కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీలో చేరి ఎంఆర్‌ఐ టెక్నీషియన్ అవుతానంటోంది. రోజూ ఆ రేడియేషన్ పక్కన ఉంటే రేపు పిల్లలు పుట్టరని మా ఆడపడుచు భయపెడుతోంది. చేర్పించమంటారా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, మీ ఆడపడుచుగారు ఎక్స్‌రే, సీటీలను మనసులో పెట్టుకుని ఆ మాట అని ఉంటారు. ఎంఆర్‌ఐలో ఆ కిరణాలు ఉండవు. అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. అయితే ఒకటి దాచను. ఈ కోర్సులో మీ అమ్మాయి ఎక్స్‌రే, సీటీ గదుల్లోనూ పని నేర్చుకోవాలి. అక్కడ లెడ్ ఏప్రన్, టీఎల్‌డీ బ్యాడ్జి లేకుండా నిలబడకూడదు. ఎవరికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బ్యాడ్జి లెక్క చెబుతుంది. పద్ధతిగా పనిచేసేవాళ్లకు మీరు అనుకునేంత ముప్పు లేదు.

ఎంఆర్‌ఐ గదిలో అసలు ప్రమాదం ఆ అయస్కాంతమే. మామూలు 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మిషన్ బలం భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లు. పైగా అది ఆగదు. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్టలో విద్యుత్తు తిరుగుతూనే ఉంటుంది. స్కాన్ అయిపోయినా, రాత్రి తాళం వేసి వెళ్లినా ఇనుప వస్తువుల్ని లాగుతూనే ఉంటుంది. 'మిషన్ ఆపేశాంలే' అనే మాట అక్కడ చెల్లదు. 2018 జనవరిలో ముంబయి నాయర్ ఆసుపత్రిలో రోగి బంధువు ఒకాయన ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో సిలిండరు ఎగిరొచ్చి తగిలి ఆరేళ్ల బాబు పోయాడు. రెండుచోట్లా చెడిపోయింది మిషన్ కాదు, తలుపు దగ్గరి కాపలా.

మీ అమ్మాయి చేయబోయేది ముఖ్యంగా ఆ కాపలా పనే. మా మేనల్లుడు ఈ ఉద్యోగంలోనే ఉన్నాడు. మొదటి నెలంతా నేర్చుకున్నది పిన్నీసులు వెతకడమేనంటాడు. పుస్తెలతాడుకు గుత్తిగా పిన్నీసులు, జడలో పక్కపిన్నులు, మొలతాడుకు తాయెత్తు... మనవాళ్లు అడిగితే 'ఏమీ లేవు' అంటారు, ఒంటిమీద ఉన్నాయన్న సంగతే గుర్తుండదు. పుస్తెలు తీయమంటే పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆమెను నొప్పించకుండా ఒప్పించడమూ ఉద్యోగంలో భాగమే.

లోపల దాగినవి ఇంకా కష్టం. గుండె కొట్టుకోవడానికి ఒంట్లో అమర్చే పేస్‌మేకర్లలో ఎంఆర్‌ఐకి పనికొచ్చేవి, పనికిరానివి రెండూ ఉన్నాయి. రోగి దగ్గరుండే పేస్‌మేకర్ కార్డు చూసి, మోడల్ సరిచూసుకోకుండా పంపకూడదు. మెదడు ఆపరేషన్‌లో రక్తనాళానికి వేసిన పాత క్లిప్పులున్నా అంతే. వెల్డింగ్ చేసేవాళ్ల కంట్లో ఇనుప రజను ఉండొచ్చు, అది కదిలితే చూపు పోవచ్చు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు స్కాన్ బొమ్మ స్పష్టంగా రావడానికి వేసే గడోలినియం ఇంజెక్షన్ ఇచ్చే ముందు డాక్టరును మళ్లీ అడగాలి. స్కాన్‌లో రోగి చేతులు ఒకదానికొకటి తగులుకున్నా, మిషన్ తీగలు చుట్టలా ఒంటికి తగిలినా చర్మం కాలొచ్చు.

మార్కుల కన్నా నేను చూసేది ఒకటుంది. పెద్ద డాక్టరు తొందరపెడుతున్నా, రోగి తమ్ముడు గొడవకు దిగినా 'ఆగండి సార్, ఇంకా చూడలేదు' అనగలదా? మొహమాటపడే పిల్లయితే ముందు ల్యాబ్ టెక్నాలజీ గురించి ఆలోచించమంటాను. గర్భిణిగా ఉన్నప్పుడూ ఎంఆర్‌ఐలో పని మానక్కర్లేదు. స్కాన్ నడుస్తున్నంతసేపూ లోపలి గదిలో ఉండొద్దని మాత్రం చెబుతారు.

కాలేజీకి మీరే వెళ్లండి. ఆసుపత్రిలో సొంత ఎంఆర్‌ఐ ఉందా, విద్యార్థుల్ని ఎన్ని నెలలు అక్కడ ఉంచుతారు అని అడగండి. ఆ గదివైపు వెళ్తే తలుపు దగ్గర మిమ్మల్ని ఎవరైనా ఆపుతారేమో చూడండి. ఎవరూ ఆపకపోతే ఇంకో కాలేజీ వెతకండి.