కెన్యా స్కూల్లో నాలుగు వారాల సేవ: అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఏ ఇంగ్లిష్ లిటరేచర్ రెండో ఏడాది చదువుతోంది. ఈ వేసవిలో కెన్యా వెళ్లి, నైరోబీలోని కిబేరా మురికివాడలో ఛారిటీ వాళ్లు నడిపే స్కూల్లో నాలుగు వారాలు పాఠాలు చెబుతానంటోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన ఒక ఏజెన్సీ అన్నీ తామే చూసుకుంటామంటోంది. విమానం టికెట్‌తో కలిపి ఖర్చు రెండు లక్షలు దాటుతోంది. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారట, విదేశాల్లో పీజీ సీటుకీ స్కాలర్‌షిప్‌కీ అది బాగా పనికొస్తుందట. వద్దంటే పిల్ల బాధపడుతోంది, పంపాలంటే మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి కోరిక మంచిదండీ, దాన్ని కొట్టిపారేయకండి. అయితే ఈ వేసవికి మాత్రం పంపొద్దనే చెబుతాను. ముందు ఒక ఏడాది ఇక్కడే పిల్లలకు చదువు చెప్పనివ్వండి. వచ్చే ఏడాది డిగ్రీ పరీక్షలయ్యాక, అక్కడ ఒక టర్మ్ మొత్తం ఉండేలా పంపండి.

కిబేరా నైరోబీ నగరం నడిబొడ్డుకు ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ పది లక్షల మంది ఉంటారని చాలా బ్రోషర్లలో రాస్తారు. 2009 జనగణనలో తేలింది సుమారు 1.7 లక్షలే. ఏజెన్సీ ఇచ్చిన కాగితాల్లో ఏ అంకె ఉందో ఒకసారి చూడండి. ఆ ఊరి గురించి వాళ్లు ఎంత శ్రద్ధగా తెలుసుకున్నారో అక్కడే తెలిసిపోతుంది. కెన్యాలో 2003 నుంచి ప్రాథమిక విద్య ఉచితం. కానీ కిబేరా లాంటి బస్తీల్లో సర్కారు బడులు చాలినన్ని లేవు. అందుకే చర్చిలు, ఛారిటీలు, ఆ వాడలోని వాళ్లే రేకుల షెడ్లలో బడులు పెట్టుకున్నారు. వాటిని నడిపేది స్థానిక టీచర్లు. తక్కువ జీతానికి, ఒక్కోసారి ఆ జీతం కూడా సమయానికి అందకుండా పనిచేస్తుంటారు. ఆ దేశంలో టీచర్ల సత్తాకు కొరతేమీ లేదు. 2019లో ప్రపంచ ఉత్తమ ఉపాధ్యాయుడిగా పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ అందుకున్న పీటర్ తబీచి కెన్యా పల్లెలో సైన్స్, లెక్కలు చెప్పే మాస్టారే.

మరి నాలుగు వారాల వాలంటీర్ అక్కడ ఏం చేస్తుంది? వెళ్లొచ్చిన పిల్లలు నాకు చెప్పే రోజువారీ పని దాదాపు ఒకేలా ఉంటుంది. మొదటి రోజు పేర్లు అడగడం, రెండో రోజు ఏబీసీడీ పాట, తర్వాత రంగు పెన్సిళ్లతో బొమ్మలు, మధ్యమధ్యలో ఫొటోలు. పిల్లలు కాస్త దగ్గరయ్యేసరికి నెల అయిపోతుంది. తర్వాతి బ్యాచ్ వాలంటీర్లు వచ్చి మళ్లీ పేర్లు, మళ్లీ ఏబీసీడీ పాట. భాగహారం నేర్చుకోవాల్సిన మూడో తరగతి పిల్లలు ఆ పాటనే ఏడాదికి నాలుగైదుసార్లు పాడతారు. పైగా చిన్న తరగతుల పిల్లలు ఇంట్లో మాట్లాడేది స్వాహిలీ లేదా తమ తెగ భాష. మీ అమ్మాయి ఇంగ్లిష్ ఎంత బాగున్నా, పక్కన ఆ భాష తెలిసిన టీచర్ లేకపోతే సగం పాఠం గాల్లోకే పోతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. కెన్యాలో టీచర్‌గా పనిచేయాలంటే అక్కడి టీచర్స్ సర్వీస్ కమిషన్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. కాబట్టి మీ అమ్మాయి టీచర్‌కు సాయంగా ఉండగలదు, క్లాసు మొత్తం ఆమె చేతిలో పెట్టడం తప్పు. అలాగే, జీతం లేని పనైనా సరే, పర్యాటకురాలిగా వెళ్లి చేయకూడదు. 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఇస్తున్న ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఊళ్లు చూడ్డానికే సరిపోతుంది. స్కూలు తరఫున స్పెషల్ పాస్ గానీ, సేవా కార్యక్రమాలకిచ్చే క్లాస్ ఐ పర్మిట్ గానీ తీసుకోవాలి. ‘అక్కర్లేదు, టూరిస్టునని చెప్పు చాలు’ అన్న ఏజెన్సీతో ఇక మాట్లాడొద్దు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర నిలబడేది మీ పిల్ల, ఏజెన్సీ మనిషి కాదు.

ఇక కెరీర్ విషయం. మీకు చెప్పినదాంట్లో ఎక్కువ అతిశయోక్తి ఉన్నది ఇక్కడే. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌ను ఉదాహరణగా తీసుకోండి. దానికి 2,800 గంటల పని అనుభవం అడుగుతారు. స్వచ్ఛంద సేవను కూడా లెక్కలోకి తీసుకుంటారు, నిజమే. కానీ రోజుకు ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు చొప్పున నాలుగు వారాలకు వచ్చేది 120 గంటలు. అదే ఆమె హనుమకొండలో శని, ఆదివారాలు మూడేసి గంటలు ఒక బస్తీలో పిల్లలకు చదువు చెబితే ఏడాదికి దాదాపు 300 గంటలవుతుంది, దమ్మిడీ ఖర్చు లేకుండా. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలోనో, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లోనో ఎంఏ ఎడ్యుకేషన్‌కు దరఖాస్తు చేసేటప్పుడు కూడా, ‘ఒక బడిలో ఏడాది పనిచేశాను, చదవలేని పిల్లలు ఇంతమంది ఉంటే వాళ్లలో ఇంతమందికి పేరా చదవడం వచ్చింది’ అని చెప్పగలిగితే ఆ మాటకుండే బరువు వేరు. విమానం ఎక్కామన్న సర్టిఫికెట్‌కు ఆ బరువు రాదు.

ఇక్కడ నేర్చుకున్న పని అక్కడ పనికొస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. తప్పకుండా వస్తుంది. 1995లో ముంబైలో మొదలైన ప్రథమ్ సంస్థ పిల్లలను తరగతిని బట్టి కాకుండా, వాళ్లకు వచ్చినదాన్ని బట్టి గ్రూపులు చేసి చదివించే పద్ధతిని తయారుచేసింది. దాన్ని టార్ల్ (టీచింగ్ ఎట్ ద రైట్ లెవెల్) అంటారు. పిల్లాడి చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ ఉంటాయి. ఎక్కడ ఆగిపోయాడో చూసి, ఆ మెట్టు నుంచి మొదలుపెడతారు. ఐదో తరగతి పిల్లాడు పదాల దగ్గరే ఆగితే పదాల గ్రూపులోనే కూర్చుంటాడు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే ప్రథమ్ వాళ్ల అసర్ సర్వే స్ఫూర్తితోనే 2009లో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో ఉవేజో అనే సర్వే మొదలైంది. టార్ల్ పద్ధతి కూడా ఆఫ్రికా దేశాలకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనూ దాన్ని అమలు చేశారు. ఈ ఒక్క పద్ధతి మీ అమ్మాయి ఏడాదిలో చేయి తిరిగేలా నేర్చుకుంటే, కిబేరాలో ఏ హెడ్‌మాస్టరైనా ఆమెను కూర్చోబెట్టి మాట్లాడతారు. అక్కడి టీచర్లతో సమానంగా కూర్చుని పని పంచుకోగలుగుతుంది, వాళ్ల దగ్గర తానూ నేర్చుకుంటుంది.

కాలం కూడా కలిసొస్తుంది. కెన్యాలో స్కూళ్లు జనవరిలో మొదలై మూడు టర్ములుగా నడుస్తాయి. ఏప్రిల్, ఆగస్టుల్లో సెలవులు. మధ్యలో వచ్చే రెండో టర్మ్ సుమారుగా మే నుంచి జూలై దాకా ఉంటుంది. డిగ్రీ ఫైనల్ పరీక్షలు ఆలస్యం కాకపోతే మొదటి వారానికే చేరిపోయి, పిల్లలకు సెలవులిచ్చే రోజు దాకా ఉండొచ్చు. ఈలోగా విదేశీ సంస్థలతో పనిచేయాలని మనసు లాగితే, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ఐక్యరాజ్యసమితి ఆన్‌లైన్ వాలంటీరింగ్ ఉంది, అది పూర్తిగా ఉచితం.

స్కూలును ఎంచుకునే విషయంలో మాత్రం మీరు కూడా అమ్మాయి పక్కన కూర్చోండి. ఏజెన్సీతో కాకుండా నేరుగా స్కూలు వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడండి. విద్యాశాఖ రిజిస్ట్రేషన్ ఉందా, మా అమ్మాయి వెళ్లే తరగతికి రెగ్యులర్ టీచర్ ఎవరు, మేం కట్టే డబ్బులో మీకు వచ్చేదెంత అని అడగండి. ఆ టీచర్‌తో కూడా ఐదు నిమిషాలు మాట్లాడించమనండి. భవనం ఎలా ఉందో చూపించమనండి. 2019 సెప్టెంబరులో నైరోబీలోనే డాగోరెట్టి ప్రాంతంలో ఇలాంటి ఒక బడి కూలి పిల్లలు చనిపోయారు, కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. స్కూలుతో పాటు అనాథాశ్రమం కూడా ఉందంటే అక్కడికి వద్దు. తల్లిదండ్రులు ఉన్న పిల్లలను కూడా విరాళాల కోసం ఆశ్రమాల్లో ఉంచుతున్నారన్న ఫిర్యాదులు పలు దేశాల్లో వచ్చాయి. కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్‌నే ఆపేసింది.

స్కూలు వాళ్లు మీ అమ్మాయిని ఏం అడుగుతున్నారో కూడా గమనించండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, ఇక్కడ పనిచేసిన చోటి నుంచి ఒక ఉత్తరం, పిల్లల ఫొటోలు పెట్టనని రాతపూర్వక హామీ అడిగితే అది పిల్లల గురించి ఆలోచించే బడి. ఏమీ అడగకుండా ‘రండి రండి’ అంటే, ముక్కూమొహం తెలియని ఎవరినైనా అలాగే పిల్లల మధ్యకు రానిస్తారని అర్థం.

భద్రత విషయంలో భయపడాల్సినంత లేదు గానీ, ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. బస కిబేరా లోపల కాకుండా బయట, స్కూలుకు తెలిసిన కుటుంబంతో ఉండాలి. చీకటిపడ్డాక ఒంటరిగా తిరగకూడదు. నైరోబీ ఎత్తైన ప్రాంతం కాబట్టి మలేరియా భయం తక్కువ, విక్టోరియా సరస్సు వైపు వెళితే మాత్రం డాక్టర్ చెప్పిన మందులు వాడాలి. కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్లకు మన ఎయిర్‌పోర్టుల్లో ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి. లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఆ టీకా వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి. చేరగానే నైరోబీలోని భారత హైకమిషన్‌లో వివరాలు నమోదు చేయించండి.

రెండు లక్షలు ఇప్పుడు ఏజెన్సీకి కట్టకండి, అమ్మాయి పేరు మీద బ్యాంకులో వేయండి. వచ్చే ఏడాది టర్మ్ మొత్తానికి ఉండే ఖర్చుకు అవి కావాలి. ఈ ఆదివారమే ఆమెను తీసుకుని మీకు దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎం గారిని కలవండి. వేసవి సెలవుల్లో ఆ ఊరి పిల్లలకు రోజూ రెండు గంటలు చదవడం నేర్పుతానని అడగమనండి. జూన్‌లో బడి తెరిచేసరికి ఆమెకు ఈ పని నచ్చిందో లేదో ఆమెకే తెలుస్తుంది. అప్పుడు నాకు మళ్లీ రాయండి, కెన్యాలో ఏ స్కూళ్లకు ఉత్తరం రాయాలో కలిసి చూద్దాం.