రేడియో టెలిస్కోపు అంటే రాత్రిళ్లు కొండ మీద జాగారం కాదు

పర్లాకిమిడి నుంచి కిరాణా షాపు నడుపుకునే ఒక తండ్రి అడిగారు: పాప ప్లస్ టూ సైన్స్ మొదటి ఏడు, రేడియో టెలిస్కోపుల మీద పని చేస్తానంటోంది, మా బావమరిదేమో సీఎస్‌ఈలో పడేయమంటున్నాడు, పైగా ఆడపిల్ల, రాత్రిళ్లు కొండల మీద ఎలా అని.

అన్నా, ముందు ఆ రాత్రి టెన్షన్ వదిలేయండి. ఈ టెలిస్కోపులు పట్టేది ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను, వాటిని పగలు కూడా పట్టొచ్చు, మబ్బులు అడ్డం కాదు, పైగా ఈ పని చేసేవాళ్లలో చాలామంది డేటా తెచ్చుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లే.

పుణె జిల్లా ఖోడద్ దగ్గర జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి, 25 కిలోమీటర్ల మేర పరిచారు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవే 2 మీటర్లు, అంత పొడుగు తరంగంతో సన్నటి వివరం చూడాలంటే యాంటెన్నాలు దూరదూరంగా ఉండాల్సిందే. నెదర్లాండ్స్‌లో మొదలైన లోఫార్ అనే రేడియో టెలిస్కోపు అయితే ఐర్లండ్, పోలండ్ దాకా పాకింది, దూరం దాదాపు 2,000 కిలోమీటర్లు. అదే తరంగంతో ఖోడద్‌లో దాదాపు 16 ఆర్క్‌సెకండ్ల దగ్గర ఆగే చూపు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు, ఎంత తక్కువైతే అంత సన్నటి వివరం) అక్కడ 0.2 దాకా వెళ్తుంది. చిక్కేమిటంటే ఏటినీళ్లలో అడుగు రాయి కదులుతున్నట్టు కనిపిస్తుంది కదా, అలాగే పైన అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు గాలి పొర ఈ తరంగాలను అటూ ఇటూ చెదరగొడుతుంది, ఒక్కో యాంటెన్నా మీద ఒక్కో రకంగా, దాన్ని సరిచేసేది లెక్కలూ కోడింగే. అంటే మీ బావమరిది మరీ తప్పేం అనలేదు!

నా మాట: ఐఏటీ రాయించండి, అది ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థల ప్రవేశ పరీక్ష. బరంపురం ఐసర్ మీకు దగ్గరే, అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ డిగ్రీ. రాకపోతే బీఎస్సీ ఫిజిక్స్, లేదా ఈసీఈ, రెండు దార్లూ అటే వెళ్తాయి. అప్పు చేసి ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ మాత్రం వద్దు. డబ్బు సంగతి దాచను, పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, చదువు అయ్యేసరికి పాపకు ముప్పై దగ్గరపడుతుంది, పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ. కుదరకపోతే ఆ కోడింగ్, సిగ్నల్ ప్రాసెసింగ్ పట్టుకుని కంపెనీల్లోకి వెళ్లొచ్చు, వెళ్లినవాళ్లున్నారు.

ఫిబ్రవరి 28, సైన్స్ డేకి ఖోడద్‌లో జనాన్ని లోపలికి రానిస్తారు. పలాసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా పుణె, అక్కడి నుంచి నారాయణ్‌గావ్ బస్సు. వచ్చే ఏడు బోర్డు పరీక్షల గొడవ, వెళ్తే ఈ ఏడే వెళ్లాలి, మీరూ తోడు వెళ్లండి.